పేరు లేకపోతే ‘వ్యక్తిగతం’ కాదా?

సందేహం: మా వివరాలున్న రికార్డులు పోయాయని ఒక కార్యాలయం జాబు రాసింది. ‘వాటిలో పేర్లు లేవు, సభ్యత్వ సంఖ్యలే ఉన్నాయి కనుక అది వ్యక్తిగత సమాచారం కాదు’ అని కూడా చేర్చింది. ‘వ్యక్తిగత’ శబ్దానికి అంత ఇరుకైన అర్థం ఉందా? – ఒక పాఠకురాలు

సమాధానం: వ్యక్తి అంటే పేరేనని ఎవరు చెప్పారో వారికి! ఆ మాట పుట్టిన సంస్కృత ‘అంజ్’ ధాతువుకు పూయడం, వెల్లడి చేయడం అని అర్థాలు. కంటికి పెట్టుకునే అంజనం అక్కడిదే. పోయిన వస్తువు కోసం వేసి చూస్తారే, ఆ అంజనమూ అదే. ‘వి’ చేరితే వ్యక్తం, వ్యంజనం, వ్యంగ్యం. కాబట్టి వ్యక్తి అంటే ధాత్వర్థంలో బయటపడడం, తేటపడడం. గీత ఏడో అధ్యాయంలో ‘అవ్యక్తం వ్యక్తిమాపన్నం’ అన్నచోట కనబడేది మనిషి కాదు, రూపం దాల్చడం. పాణిని ‘లుపి యుక్తవద్వ్యక్తివచనే’ అన్న వ్యాకరణ సూత్రంలో పదాల లింగాన్నే వ్యక్తి అన్నాడు. మనం ఆ మాటను మనిషికి కట్టేసి, ‘వ్యక్తిగతంగా నా అభిప్రాయం’ అనే దాకా వచ్చాం. అభిప్రాయం నాదైతే అది ఇంకెవరికి గతం?

‘గత’కు పొందిన, చెందిన అనే అర్థం ఇక్కడిది, హస్తగతం వంటిది. గడిచిపోయిన అనేది వేరు.

చిత్రమేమిటంటే చట్టం ధాతువుకే దగ్గరగా ఉంది. 2018 నుంచి అమలవుతున్న ఐరోపా డేటా రక్షణ నిబంధన నాలుగో అధికరణం ప్రకారం, నేరుగానో పరోక్షంగానో గుర్తుపట్టదగిన మనిషికి సంబంధించిన సమాచారమంతా వ్యక్తిగతమే. గుర్తింపు సంఖ్యను అందులో పేరుపెట్టి చెప్పారు. మన దేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ గుర్తుపట్టగలగడాన్నే కొలతగా పెట్టుకుంది. సంఖ్యను బట్టి మీరు వ్యక్తమైతే అది మీ వ్యక్తిగతమే. ఆ సంఖ్య ఎవరిదో తేల్చే దారి ఎవరి దగ్గరా లేదంటే మాత్రం వాదం మారవచ్చు. పైగా మన చట్టం డిజిటల్ రూపంలో ఉన్నవాటికీ, తర్వాత ఆ రూపంలోకి ఎక్కించినవాటికీ వర్తిస్తుంది. ఉత్త కాగితాలైతే దాని కిందికి రావు. మీవి ఏ రకమో జాబులో లేదు కనుక తీర్పు చెప్పను.

ఇక రికార్డులు పోవడాన్ని కూడా ‘డేటా ఉల్లంఘన’ అంటున్నారు. ఉల్లంఘన అంటే దాటడం, దూకడం. ఇక్కడ ఎవరూ ఏ గోడా దూకలేదు. అయినా ఐరోపా నిబంధన పోవడాన్నీ, నాశనమవడాన్నీ అందులోనే లెక్కవేసింది. ‘డేటా భంగం’ అని ఉంటే నాకు ఇంత గొణుగుడు ఉండేది కాదు.

అన్నట్టు, జాబులో ‘పోయాయి’ అని రాశారు కదా, ‘పోగొట్టాం’ అని కాదు. తెలుగు బాగా వచ్చినవారే రాసినట్టున్నారు.