ఆయుధ కంపెనీల డబ్బుతో యూనివర్సిటీలు పరిశోధన చేయడం తప్పా?

మీ తమ్ముడికి అమెరికాలో పీహెచ్‌డీ సీటుతో పాటు ఆర్‌ఏ (ప్రొఫెసర్ ప్రాజెక్టులో పనిచేస్తే జీతం, ఫీజు మాఫీ ఇచ్చే రీసెర్చ్ అసిస్టెంట్ పని) కూడా వచ్చిందని, కానీ ఆ ప్రాజెక్టుకు డబ్బిచ్చేది ఆయుధాల కంపెనీ అని, యూనివర్సిటీలు ఇలాంటి వాళ్లతో చేతులు కలపడం సరైనదేనా అని అడిగారు. ఇలాంటి డబ్బుతోనే నేను ఎంఎస్ థీసిస్ పూర్తి చేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందే ఒక మాట. ఆయుధాలంటే గిట్టని మనిషిని కాను. మా నాన్న కంచన్‌బాగ్‌లో భారత్ డైనమిక్స్‌లో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశారు. మా ఇంట్లో బియ్యం, నా ఇంజినీరింగ్ ఫీజు అన్నీ క్షిపణుల జీతం మీదే గడిచాయి. ఫ్యాక్టరీలో ఆ రోజు ఏం చేశారో ఇంట్లో ఎప్పుడూ చెప్పేవారు కాదు. అయినా అక్కడ తయారయ్యేది ఏమిటో మా బస్తీ పిల్లలందరికీ తెలుసు. తెలిసి, ఒప్పుకునే నాన్న షిఫ్టుకు వెళ్లేవారు.

నా విషయంలో అలా జరగలేదు. అదొక స్టేట్ యూనివర్సిటీ, పేరు వద్దు. డ్రోన్ తీసిన వీడియోలో కదులుతున్న వస్తువు చెట్టు కిందకో వంతెన కిందకో పోయి మళ్లీ బయటికొస్తే, ఇది అదే అని సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టాలి. అందుకోసం ఆరు నెలలు ఒక్కో ఫ్రేమూ ఆపి కార్ల చుట్టూ, మనుషుల చుట్టూ మౌసుతో డబ్బాలు గీశాను. పైనుంచి చూస్తే మనిషంటే ఒక తల, రెండు భుజాలు, పక్కన పొడుగాటి నీడ. నీడను డబ్బాలోకి రానివ్వకూడదని మా ల్యాబ్ రూల్. వాటన్నిటినీ మేం ‘ఆబ్జెక్ట్’ అనేవాళ్లం. ట్రాఫిక్‌కి, వరదల్లో చిక్కుకున్నవాళ్లను వెతకడానికి పనికొస్తుందని ప్రపోజల్ మొదటి పేజీలోనే ఉండేది.

ఏడాదికోసారి స్పాన్సర్ కంపెనీ వాళ్లు రివ్యూకి వస్తారు. ఆ రోజు నా డెమో అయ్యాక వాళ్లలో ఒకాయన తన ల్యాప్‌టాప్ కలిపాడు. తెర మీద నా వీడియోనే, నేను గీసిన డబ్బాలే. కానీ నేను ‘ఆబ్జెక్ట్ 14’ అని పెట్టిన చోట ‘టార్గెట్ 14’ అని ఉంది. ఆ 14 నాకు బాగా గుర్తు. సైకిల్ తోసుకుంటూ పోయే మనిషి. సైకిల్‌ని కూడా డబ్బాలో కలపాలా వద్దా అని ల్యాబ్‌లో అరగంట వాదించుకున్నాం. తర్వాతి స్లైడ్ వేయకముందే ఆయన మా ప్రొఫెసర్‌తో ఏదో మెల్లగా అన్నాడు. ప్రొఫెసర్ మా దగ్గరికొచ్చి, ఇక్కడినుంచి సిటిజన్లే ఉండాలి, ఏమనుకోవద్దు అన్నారు. నేనూ, మా ల్యాబ్‌లోని చైనా అమ్మాయీ లేచి బయటికొచ్చాం. తలుపు అద్దానికి లోపలినుంచి కాగితం అంటించారు. గంటన్నర కారిడార్‌లో కింద కూర్చున్నాం.

అయ్యాక ప్రొఫెసర్ వచ్చి, నీ పార్ట్ వాళ్లకు బాగా నచ్చింది అన్నారు. దేనికి నచ్చిందని అడిగాను. మనది ఫండమెంటల్ రీసెర్చ్, ఎలా వాడతారన్నది మన పని కాదు అన్నారు.

ఆ మాటకు అండగా ఒక ఆదేశమే ఉంది. 1985లో రీగన్ హయాంలో వచ్చిన ఎన్‌ఎస్‌డీడీ-189 ప్రకారం, ఫలితాలు అందరికీ ప్రచురించే మౌలిక పరిశోధన మీద వీలైనంతవరకు ఆంక్షలు పెట్టకూడదు. మనలాంటి విదేశీ విద్యార్థులు ఆ ల్యాబుల్లో అడుగుపెట్టగలగడానికి అదో కారణం. మంచి ఆదేశమే. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని పని బయట చేయించుకుంటున్నారు, వాడకం మాత్రం మూసిన గదిలో దాస్తున్నారు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేస్తే, “పని నీతోని చేయించుకొని నిన్నే బయట కూసోబెట్టిన్రా? మా దగ్గర ఊడ్చేటాయనకు గూడ తెలుసు గద కొడుకా, ఏం జేస్తున్నమో” అన్నారు.

నేను మానేయలేదు. ఆర్‌ఏ పోతే ట్యూషన్ వేవర్ పోతుంది, ఫీజు కట్టలేకపోతే వీసా స్టేటస్ పోతుంది, పైగా ఇండియాలో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోను. అందుకే “ఇష్టం లేనివాళ్లు వేరే ప్రాజెక్టు చూసుకోవచ్చుగా” అనే మాట వింటే ఒళ్లు మండుతుంది. మన తెలుగు గ్రూపుల్లో ఈ సంగతి ఎత్తితే “నీకెందుకు రాజకీయాలు, హెచ్‌1 సంగతి చూసుకో” అని నోరు మూయిస్తారు. అదే కంపెనీ కెరీర్ ఫెయిర్‌లో స్టాల్ పెడితే మన రెజ్యూమె ముట్టుకోదు, సిటిజన్లకే అని బోర్డు ఉంటుంది. పిల్లవాడి పని కావాలి, పిల్లవాడు వద్దు.

యూనివర్సిటీలు తలుచుకుంటే గీత గీయగలవు. జర్మనీలో బ్రెమెన్ యూనివర్సిటీ 1986లోనే సైనిక పరిశోధన చేయబోమని తీర్మానం చేసుకుంది. దక్షిణ కొరియాలో కైస్ట్ యూనివర్సిటీ 2018లో ఆయుధాల కంపెనీ హన్వా సిస్టమ్స్‌తో కలిసి ఏఐ సెంటర్ తెరిస్తే, వేర్వేరు దేశాల నుంచి యాభై మందికి పైగా పరిశోధకులు ఆ యూనివర్సిటీతో కలిసి పనిచేయమని ప్రకటించారు. మనిషి అదుపులో లేని ఆయుధాలు చేయబోమని కైస్ట్ అధ్యక్షుడు మాట ఇచ్చాకే వెనక్కి తగ్గారు. ఎంఐటీ చేసింది మాత్రం నాకు నచ్చదు. అపోలో నౌకకు దారి చూపిన ల్యాబే పొసైడన్ క్షిపణికీ దారి చూపింది. 1969లో విద్యార్థులు గొడవ చేస్తే, 1973లో ఆ ల్యాబ్‌ని డ్రేపర్ ల్యాబొరేటరీగా విడగొట్టి చేతులు కడుక్కున్నారు. పని మాత్రం ఆగలేదు.

ఈపాటికి మీలో ఎవరో కలాం గారిని గుర్తు చేస్తారు, క్షిపణుల పరిశోధన వల్లే పోలియో పిల్లలకు తేలికపాటి కాలిపర్లు (నడవడానికి కాళ్లకు కట్టుకునే ఆధారాలు) వచ్చాయని. నిజమే. మూడు కిలోల కాలిపర్లు 300 గ్రాములకు దిగాయి. కానీ అదెలా జరిగిందో ఆయనే చెప్పారు. నిమ్స్ నుంచి ఎముకల డాక్టరు ఒకాయన ల్యాబ్‌కి వచ్చి, అగ్ని కోసం చేసిన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి కలాంని ఆస్పత్రికి తీసుకెళ్లి పిల్లల్ని చూపించారు. ఆ డాక్టర్ని ఆ రోజు కారిడార్‌లో కూర్చోబెట్టి ఉంటే ఆ కాలిపర్లు వచ్చేవే కావు.

మీ తమ్ముణ్ణి చేరొద్దని నేను చెప్పను. ఆఫర్ ఒప్పుకునే ముందు ప్రొఫెసర్‌కి ఒక మెయిల్ పెట్టమనండి: ఈ ప్రాజెక్టు రివ్యూల్లో నేను మొదటినుంచి చివరిదాకా కూర్చోవచ్చా? జవాబు రాతలో రావాలి. ఫోన్లో మాట్లాడుకుందాం అంటే వేరే గైడ్‌ని వెతుక్కోమనండి. మొదటి సెమిస్టర్‌లో గైడ్‌ని మార్చుకోవడం తేలిక, రెండో ఏడాదికి వచ్చాక చాలా కష్టం.