రాత్రి రెండు గంటలకు మీటరు చూడు

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. గోపాలపూర్ వైపు సైనిక స్థావరంలో విద్యుత్ ఆడిట్ చేసే, అంటే కరెంటు ఎక్కడ వృథా అవుతుందో లెక్క తేల్చే జట్టులో నీకు చోటు దొరికిందని అక్క ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్లు సైన్యం భవనాలు చూసుకునే ఎం.ఇ.ఎస్. శాఖలో కరెంటు పనులు చూసినవాణ్ణి, వినగానే కాగితం తీసుకున్నాను.

అక్కడ పరికరాలకంటే ముందు అవి నడిచే గంటలు లెక్కపెట్టు. నేను ఒకచోట ఆ పని చేయలేదు. బ్యారక్ ఫ్యాన్లు రోజంతా తిరుగుతాయని వేసుకుని అన్నీ మార్పించాను. శిక్షణకు వచ్చే జట్లు మారేటప్పుడు ఆ భవనం నెలల తరబడి ఖాళీగా ఉంటుందట. సుబేదారుగారిని ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. ఇప్పటికీ ఆ ఖర్చు గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

పాత ఫ్యాను సుమారు 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు తిరిగితే 135 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 7 రూపాయలు, ఫ్యాను 2,800 అనుకో, మూడేళ్లలో డబ్బు తిరిగి వస్తుంది. రోజుకు నాలుగు గంటలే తిరిగే గదిలో తొమ్మిదేళ్లు పడుతుంది. జనరేటర్ మీద నడిచే గంటలను మాత్రం వేరుగా లెక్కించు. లీటరు డీజిల్‌కు మూడు, మూడున్నర యూనిట్లే వస్తాయి కాబట్టి అక్కడ మిగిలే యూనిట్ విలువ చాలా ఎక్కువ.

అనుమతి తీసుకుని ఒకసారి రాత్రి రెండు గంటలకు సబ్‌స్టేషన్ మీటరు చూడు. ఊరంతా నిద్రపోయినా తగ్గని లోడు ఎక్కడిదో వెతుకు. నీటి పంపు అయితే మోటారు మార్చమని రాసే ముందు పైపుల్లో లీకులు చూడు. వేగం తగ్గించే డ్రైవ్ పెడితే కరెంటు సగమవుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. పైపుల్లో రాపిడే ఎక్కువగా ఉన్నచోట ఆ మాట నిజం కావచ్చు. పైట్యాంకుకు ఎక్కించే పంపు దగ్గర నమ్మకు, వేగం తగ్గించినంత మాత్రాన ట్యాంకు ఎత్తు తగ్గదు.

రాడార్, సమాచార గదులు, కాపలా దీపాల జోలికి వెళ్లకు. వాటిని వేరే కాగితం మీద రాసి, ఏది కదపవచ్చో అధికారులనే చెప్పనివ్వు. ఎంత ఆదా కనిపించినా అక్కడ నీ లెక్కకు రెండో స్థానమే.

సముద్రపు ఉప్పుగాలి ఏసీల బయటి యూనిట్ రేకులను తినేస్తుంది. కేటలాగులోని ఆయుష్షు వేసుకుంటే లెక్క తప్పుతుంది, పాత యూనిట్లు ఎన్నేళ్లు నిలిచాయో స్టోరు రిజిస్టరులో చూడు. పైకప్పు మీద పెట్టే ఏ పనికైనా తుఫానుకు తట్టుకునే బిగింపుల ఖర్చు కలుపు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. సోలార్ మాట చివర ఎత్తు. లోడు తగ్గించాక పలకలు తక్కువే కావాలి.

ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాల్సి రావచ్చు, గళ్ల నోటుపుస్తకం దగ్గర ఉంచుకో. ఆదివారం ఇంటికి రా. నా పాత లాగ్ పుస్తకాలు తీసి పెడతాను.

మావయ్య