ఆకురాలు కాలం నడకల్లో పుట్టగొడుగులు నాకే ఎందుకు కనిపించవు? కనిపించినా ఫోన్‌లో ఫొటో ఎందుకు బాగా రాదు?

మీరు అడిగినవి రెండు. ఒకటి, మిగతావాళ్లకు దొరికే పుట్టగొడుగులు మీకెందుకు కనిపించట్లేదని. రెండోది, కనిపించినా ఫొటో చప్పగా వస్తోంది, మంచి కెమెరా కొనాల్సిందేనా అని. నా అనుభవంలో రెండింటికీ జవాబు ఒకటే: నేలమీద కూర్చోవాలి. వంగితే చాలదు. కెమెరా గురించి ఇప్పుడే కంగారు పడకండి.

నేను మొదలుపెట్టిన ఏడాది అన్నీ నిలబడే తీశాను. సీజన్ అయ్యేసరికి మూడొందల పైచిలుకు ఫొటోలు. గోధుమరంగు ఆకుల మధ్య గోధుమరంగు బిళ్లలు, అంతే. పేర్లు తెలుసుకుందామని వీటి గురించి బాగా తెలిసిన ఒక పెద్దాయనకు పంపాను. ఆయన ఒక్కో ఫొటోకీ అవే ప్రశ్నలు తిరగేసి అడిగారు: "అడుగున ఎలా ఉంది? కాడ మొదట్లో ఏముంది? పక్కన ఏ చెట్టుంది?" దేనికీ నా దగ్గర సమాధానం లేదు. మొత్తం ఫోల్డర్ డిలీట్ చేసేశాను.

వెతకడం గురించి ముందు చెప్తాను. మనకు పైకి కనిపించే గొడుగు చెట్టుకు కాయలాంటిది. అసలు జీవి నేలలోనో, పుచ్చిన మానులోనో సన్నటి దారాల్లా అల్లుకుని ఉంటుంది. అమెరికాలోని ఒరెగాన్ అడవుల్లో ఇలాంటి ఒకే ఒక్క శిలీంధ్రం నేల కింద సుమారు 9 చదరపు కిలోమీటర్లు పాకింది. దానిమీద నడిచేవాళ్లకు ఆ సంగతే తెలీదు! నేల బాగా తడిసి, రాత్రులు చల్లబడితే ఈ దారాలు పైకి గొడుగులు పంపుతాయి. కాబట్టి వాన పడుతుండగా వెళ్లి లాభం లేదు. గట్టి వాన పడ్డాక నాలుగైదు రోజులు ఆగి వెళ్తాను నేను. ఒకసారి దొరికిన చోటు గుర్తుపెట్టుకోండి, వచ్చే ఏడాది కూడా అక్కడ వెతకాల్సిందే.

తర్వాత చెట్లు చూడండి. తెల్లమచ్చల ఎర్రగొడుగు ఉంటుందే, పిల్లల బొమ్మల్లో ఎప్పుడూ కనిపించేది, ఫ్లై అగారిక్ అంటారు. అది ఎక్కువగా బర్చ్, పైన్ చెట్ల దగ్గరే వస్తుంది. దాని దారాలు ఆ చెట్ల వేళ్లను చుట్టుకుని నీళ్లూ ఖనిజాలూ ఇచ్చి, బదులుగా చక్కెర తీసుకుంటాయి. ఇంకొన్నింటికి బతికున్న చెట్టు అక్కర్లేదు, కుళ్లిన మొద్దు చాలు. నేనైతే నేలంతా గాలించను, మొద్దులూ నాచు పట్టిన వేళ్లూ కాలిబాట అంచులూ చూసుకుంటూ పోతాను. రాలిన ఆకుల పరుపులో ఒక్క ఆకు మాత్రం కాస్త పైకి లేచి ఉంటే దాని కింద ఏదో ఉందని అర్థం. ఒకటి దొరికిందా, అక్కడే కూర్చోండి. రెండు నిమిషాలు కదలకుండా చూస్తే చుట్టూ మరో నాలుగు బయటపడతాయి. అవి అప్పటిదాకా అక్కడే ఉన్నాయి, మన కళ్లకే ఆనలేదు.

దొరికినదాన్ని వెంటనే ఫొటో తీయండి. ఈ విషయంలో నేను బాగా దెబ్బతిన్నాను. షాగీ ఇంక్ క్యాప్ అని ఒకటుంటుంది. తెల్లగా, పొడుగ్గా, ఒంటినిండా పొలుసులు లేచినట్టు. ఓ సాయంత్రం గడ్డిలో చక్కటిది కనిపించింది. అంచు అప్పుడే గులాబీ రంగుకు తిరుగుతోంది. వెలుతురు పోయింది, రేపు తీద్దాంలే అనుకున్నాను. మర్నాడు వెళ్తే కాడ మిగిలింది, దాని చివర అరంగుళం టోపీ ముక్క, దాన్నుంచి నల్లటి సిరా బొట్టు బొట్టుగా గడ్డిమీదికి కారుతోంది. దాని పద్ధతే అంత, అంచునుంచి పైకి తనను తానే కరిగించుకుంటూ సిద్ధబీజాలను (దాని విత్తనాల్లాంటివి) వదులుతుంది. నిజానికి ఆ కారుతున్న ఫొటోనే ఇప్పటికీ నాకు ఎక్కువ ఇష్టం. అయినా ముందురోజుది పోయిందే అన్న బాధ ఉంది.

ఇక ఫోన్‌తో తీసే కిటుకు. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకోండి. లెన్స్ నేలకు ఆనుతుంది, పుట్టగొడుగు ఎత్తుకు మీరు దిగినట్టవుతుంది. వెనక ఆకులు మసగ్గా దూరంగా జరిగిపోతాయి, అరచేయంత గొడుగు కూడా చెట్టంత కనిపిస్తుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, వేలు తగిలి ఊగదు. తెల్లగొడుగైతే వెలుతురు కాస్త తగ్గించండి, లేకపోతే అది సున్నం పూసినట్టు వస్తుంది. మబ్బు పట్టిన రోజే మంచిది, ఆకుల సందుల్లోంచి పడే ఎండ ముక్కలు ఫొటోని పాడుచేస్తాయి. గొడుగు అడుగు చీకటిగా ఉంటే దాని ముందు నేలమీద ఒక తెల్లకాగితం పరచండి, వెలుతురు పైకి కొట్టి అడుగునున్న సన్నటి పొరలన్నీ పుస్తకం పేజీల్లా విడివిడిగా కనిపిస్తాయి. అడ్డొచ్చిన గడ్డిపోచ తీసేయొచ్చు, నాచు మాత్రం పీకొద్దు.

కెమెరా ఉంటే ట్రైపాడ్ వేసి పావు సెకను షట్టర్ అయినా (అంతసేపు వెలుతురు లోపలికి రానివ్వడం) పెట్టుకోవచ్చు, పుట్టగొడుగు ఎక్కడికీ పారిపోదు కదా. గాలి లేకుండా ఉంటే చాలు. లేనివాళ్లు కొనాల్సిన పనిలేదు. నేను కొన్నవాటిలో ఎక్కువ పనికొచ్చింది చిన్న చేతి అద్దం. దాన్ని గొడుగు కిందకి జరిపితే పీకకుండానే అడుగు చూడొచ్చు, ఫొటో కూడా తీయొచ్చు. ఒక్కోదానికి పైనుంచి, పక్కనుంచి, అడుగునుంచి, కాడ మొదలు, పక్కన చెట్టు, ఇన్ని తీసుకుంటే పేరు చెప్పేవాళ్లకు పని సులువు.

కాడ మొదలు ఎందుకంటే డెత్ క్యాప్ లాంటి ప్రాణాంతకమైనవాటికి అక్కడ సంచిలాంటి తొడుగు ఉంటుంది, చాలాసార్లు మట్టిలోనో ఆకుల్లోనో దాగి ఉంటుంది. యాప్ చెప్పిందనో, ఫొటో చూసి ఎవరో చెప్పారనో ఏదీ నోట్లో పెట్టుకోవద్దు. డెత్ క్యాప్ తిన్నాక సాధారణంగా 6 గంటలు దాటేదాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు వస్తాయి, మధ్యలో తగ్గినట్టే అనిపిస్తుంది, ఈలోగా కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. వండినా ఆ విషం పోదు. ముట్టుకుంటే మాత్రం ఎక్కదు, కాబట్టి ఫొటోకి టెన్షన్ అక్కర్లేదు.

ఇంకోటి, లేచేటప్పుడు ఫోన్ చేతిలో ఉందో లేదో చూసుకోండి. నేను నేలమీద పెట్టి మోకాళ్లు దులుపుకుని వచ్చేశాను ఒకసారి. గోధుమరంగు కవరు, సైలెంట్ మోడ్. ఆకుల్లో దాన్ని వెతకడానికి ముప్పావుగంట పట్టింది. ఆ వెతుకులాటలో ఇంకో రెండు పుట్టగొడుగులు దొరికాయనుకోండి.