సికిల్ సెల్‌కు జన్యు చికిత్స: ఆ తల్లికి ఏమని చెప్పాలి?

ప్రశ్న: పాడేరు ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నాను. మా పిల్లల్లో ఇద్దరికి సికిల్ సెల్ అనే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు ఉంది. జన్యు చికిత్సతో ఈ జబ్బు శాశ్వతంగా పోతుందన్న వార్త ఫోన్లలో తిరుగుతోంది. ‘ఆ ఇంజెక్షన్ విశాఖలో వేస్తారా మాస్టారూ?’ అని ఒక తల్లి అడిగారు. జీవశాస్త్రం చదివిన నాకే ఆమెకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో తోచలేదు.
– ఒక ఉపాధ్యాయుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: వార్తకు ఆధారం ఉంది మాస్టారూ. ‘క్యాస్‌జెవీ’ అనే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. క్రిస్పర్ అనే, జన్యువును కోరినచోట కత్తిరించే పద్ధతిలో సవరించే చికిత్సల్లో ప్రపంచంలో మొట్టమొదట అనుమతి పొందినది ఇదే. అనుమతి నాటికి ఫలితం తేల్చడానికి తగినంత కాలం గడిచిన 31 మంది రోగుల్లో 29 మందికి కనీసం 12 నెలల పాటు వరసగా తీవ్రమైన నొప్పుల దాడి రాలేదు. అది చాలా గొప్ప ఫలితమే. అయితే ఆ లెక్క 31 మందిదని, ‘శాశ్వతంగా’ అన్న మాట వార్త రాసినవారు చేర్చినదని ఆ తల్లికి తెలియాలి.

‘ఇంజెక్షన్’ అన్న మాటను కూడా సరిదిద్దాలి. రోగి రక్తం నుంచి మూలకణాలను, అంటే రక్తకణాలను పుట్టించే కణాలను, యంత్రంతో వేరుచేసి, ప్రయోగశాలకు పంపి, అక్కడ సవరిస్తారు. అవి తిరిగి వచ్చాక, ఎముక మజ్జలో ఉన్న పాత కణాలను ఖాళీ చేయడానికి క్యాన్సర్ రోగులకు ఇచ్చేలాంటి ఘాటైన కీమోథెరపీ ఇచ్చి, ఆ తర్వాతే సవరించిన కణాలను నరంలోకి ఎక్కిస్తారు. జుట్టు రాలిపోతుంది, నోరు పుండ్లు పడుతుంది, వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి, మున్ముందు పిల్లలు పుట్టకపోయే ప్రమాదమూ ఉంది. ఆ అనుమతి 12 ఏళ్లు నిండినవారికే. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు, అంటే 18 కోట్ల రూపాయలకు పైమాటే. విశాఖలో గానీ హైదరాబాదులో గానీ నేడు ఇది దొరకదు.

తరగతిలో చెప్పాలంటే పలక మీద ‘మేక’ అని రాసి, చివరి అక్షరానికి కొమ్ము తగిలించండి. ‘మేకు’ అవుతుంది. హిమోగ్లోబిన్ తయారీకి సంబంధించిన జన్యువులో అలాంటి ఒక్క మార్పే జరిగి, గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర కణం ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. నొప్పి అక్కడే మొదలవుతుంది. ఇంతవరకు చెప్పగానే పిల్లలు ‘కొత్త చికిత్స ఆ కొమ్మును చెరిపేస్తుందన్నమాట’ అంటారు. అక్కడ ఆపి చెప్పాలి: క్యాస్‌జెవీ ఆ కొమ్మును ముట్టుకోదు. తల్లి కడుపులో ఉండగా బిడ్డ వేరే రకం హిమోగ్లోబిన్‌ను తయారుచేసుకుంటుంది, పుట్టిన కొన్ని నెలలకు దాని తయారీ దాదాపు ఆగిపోతుంది. దాన్ని ఆపివేసే బీసీఎల్11ఏ అనే జన్యువు రక్తకణాల్లో పనిచేయకుండా కత్తిరిస్తే, ఆ పసితనపు హిమోగ్లోబిన్ మళ్లీ తయారై కణాలను వంగనివ్వదు. సవరణ రక్తకణాలకే పరిమితం కాబట్టి, చికిత్స పొందిన మనిషి తన పిల్లలకు జబ్బుకు కారణమైన ఆ పాత జన్యువునే ఇస్తాడు.

ఆ తల్లికి నేనైతే ముందుగా చెప్పేది హైడ్రాక్సీయూరియా గురించి. ఈ మాత్ర కూడా అదే పసితనపు హిమోగ్లోబిన్‌ను కొంతమేర పెంచి, నొప్పుల దాడులను తగ్గిస్తుంది. డాక్టరు రక్తపరీక్షలు చూసి మోతాదు నిర్ణయిస్తారు, రోజూ మానకుండా వేసుకోవాలి. కోట్ల రూపాయల చికిత్స వచ్చేదాకా ఆగుదామని ఈ మాత్ర మానేస్తే పిల్లవాడికే నష్టం. ‘అమ్మా, పెద్ద చికిత్స వేరే దేశంలో మొదలైంది, మన దాకా ఇంకా రాలేదు, మాత్ర మాత్రం మానవద్దు’ అని ఆమె మాట్లాడే భాషలోనే చెప్పండి, మీకు ఆ భాష రాకపోతే వచ్చినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ప్రశ్న: సికిల్ సెల్ రక్తపరీక్ష చేసి మా అమ్మాయిని ‘వాహకురాలు’ అని రాసిచ్చారు. ఆమె నుంచి ఇంట్లో వారికి జబ్బు అంటుకుంటుందా?
– ఒక తండ్రి, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: అంటుకోదండీ. మలేరియా పాఠంలో దోమను కూడా ‘వాహకం’ అనే చదువుకున్నాం కాబట్టి మీకీ భయం కలగడంలో వింత లేదు. ఆ మాటను ఇక్కడ వాడకుండా ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. మీ అమ్మాయికి జబ్బు లేదు. తల్లిదండ్రులలో ఒకరి నుంచి మారిన జన్యువు, మరొకరి నుంచి మామూలు జన్యువు వచ్చాయి, అంతే. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలనుకోవడం మీ అమ్మాయి వంటివారికి ఈ సంగతి ముందే తెలియాలనే.

భర్త కూడా అలాంటివాడే అయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. రెండు నాణేలు ఒకేసారి ఎగరేస్తే రెండూ బొమ్మ పడే అవకాశం ఎంతో ఇదీ అంతే. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని అనుకోకూడదు, ప్రతిసారీ నాణేలను కొత్తగా ఎగరేసినట్టే. కాబట్టి సంబంధం ఖాయం చేసుకునే ముందే అబ్బాయికీ ఇదే రక్తపరీక్ష చేయించమని అడగండి.