బ్రాంచ్ ఇంకా తేలలేదు, ఎస్సేలో ఏం రాయను?

ప్రశ్న: మేడమ్, నేను పన్నెండో తరగతి. అమెరికాలో ఇంజినీరింగ్‌కి అప్లై చేస్తున్నాను. 'ఈ మేజర్ (అంటే ప్రధానంగా చదివే బ్రాంచ్) ఎందుకు ఎంచుకున్నావు' అని ఎస్సే అడుగుతున్నారు. మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ మూడూ నచ్చుతున్నాయి, ఏదీ తేల్చుకోలేకపోతున్నాను. 'కంప్యూటర్ సైన్స్ అని రాసేయ్, చేరాక మార్చుకోవచ్చు' అంటున్నారు బాబాయ్. నిజం రాస్తే క్లారిటీ లేని పిల్ల అనుకుంటారేమోనని టెన్షన్. పెద్ద ప్రాజెక్టులు కూడా లేవు, మా అమ్మమ్మ కోసం మందుల టైముకి బీప్ కొట్టే డబ్బా ఒకటి చేశానంతే, అదీ రెండుసార్లు పాడైంది.

జవాబు: నీ ఆఖరి వాక్యం దగ్గరే ఆగిపోయాను తల్లీ. ఆ డబ్బా ఎందుకు పాడైంది? బ్యాటరీ త్వరగా అయిపోయిందా, మూత బిగుసుకుపోయి అమ్మమ్మ వేళ్లకు రాలేదా, బీప్ రావాల్సిన టైముకి రాలేదా? చూడు, మూత సంగతి మెకానికల్, బ్యాటరీ సంగతి ఎలక్ట్రికల్, టైము సంగతి కోడ్. నీకు మూడూ ఎందుకు నచ్చుతున్నాయో ఆ డబ్బాలోనే ఉంది. ఒకటి సరిచేయబోతే ఇంకొకటి అడ్డం పడి ఉంటుంది, అప్పుడు నువ్వేం చేశావు, అమ్మమ్మ ఏమంది, రెండోసారి ఏం మార్చావు, అదంతా రాయి. 'నాకు అన్ని బ్రాంచ్‌లూ ఇష్టం' అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు, కానీ ఈ డబ్బా కథ చదివితే నీ బుర్ర ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది, వాళ్లు వెతికేదీ అదే.

ఇంకో మాట, రెండు ఎస్సేలను కలిపేసుకోకు. కామన్ యాప్‌లో, అంటే చాలా యూనివర్సిటీలకు కలిపి నింపే ఒకే దరఖాస్తులో, 650 మాటల లోపు రాసే పెద్ద వ్యాసం నీ గురించి, అందులో మేజర్ పేరు రాకపోయినా ఏమీ కాదు. 'ఈ మేజర్ ఎందుకు' అన్నది కొన్ని యూనివర్సిటీలు విడిగా అడిగే ప్రశ్న, అది సాధారణంగా ఇంకా చిన్నది. డబ్బా కథ ఇందులో పెట్టు. పెద్ద వ్యాసానికి వేరే విషయం తీసుకో, రెండు చోట్లా ఒకటే కథ వద్దు.

బాబాయ్ సలహా మాత్రం పాటించకు. ఆయన నీ మంచికే చెప్పారు, కాదనను, కానీ మేజర్ మార్చుకోవడం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఎంఐటీలో ఎవరినీ మేజర్‌తో చేర్చుకోరు, మొదటి ఏడాది చివర్లో ఎంచుకుంటారు. పర్డ్యూ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ పిల్లలంతా ముందు ఫస్ట్ ఇయర్ ఇంజినీరింగ్ అనే ఉమ్మడి ప్రోగ్రామ్‌లో చేరి, తర్వాతే బ్రాంచ్‌లోకి వెళ్తారు. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలోనూ మొదట జనరల్ ఇంజినీరింగే, మేజర్ దొరకడానికి అక్కడ తెచ్చుకునే గ్రేడ్లు ముఖ్యం. ఇలాంటి చోట్ల 'ఇంకా తేల్చుకోలేదు' అంటే తప్పుపట్టే వాళ్లెవరూ ఉండరు, వాళ్ల పద్ధతే అది. అదే ఇంకొన్ని యూనివర్సిటీల్లో మేజర్‌కే అడ్మిషన్ ఇస్తారు, బయటి నుంచి కంప్యూటర్ సైన్స్‌లోకి మారడం చాలా కష్టం, అందులో చేరాలంటే పోటీ కూడా ఎక్కువ, మరి మనసు లేని దాని మీద ఎందుకు పందెం కాయడం? అందుకే ముందు నీ లిస్టులో ఉన్న ప్రతి యూనివర్సిటీ ఏ పద్ధతిలో నడుస్తుందో వాళ్ల వెబ్‌సైట్‌లో చదువు. 'అన్‌డిసైడెడ్ ఇంజినీరింగ్' అనే ఆప్షన్ ఉంటే ధైర్యంగా టిక్ పెట్టు. లేకపోతే మూడింటిలో ఎక్కువ మొగ్గు ఉన్నది పెట్టి, మిగతా రెండూ దానితో ఎక్కడ కలుస్తాయో ఆ డబ్బా ద్వారానే చెప్పు.

ఉమ్మడి మొదటి ఏడాది ఉన్న చోటైతే 'మీ ప్రోగ్రామ్ చాలా గొప్పది' అని పొగడొద్దు, ఎవరికైనా అతికే మాట అది. అక్కడ చేరాక ఏ కోర్సులో, ఏ ల్యాబ్‌లో ఏ సందేహం తీర్చుకుని బ్రాంచ్ ఎంచుకుంటావో రాయి. బ్రాంచ్ తేలకపోయినా తేల్చుకునే దారి నీకు తెలుసని వాళ్లకు అర్థమైతే చాలు.

మామూలు గడువు కంటే ముందే పంపే ఎర్లీ అప్లికేషన్లకు చాలా చోట్ల నవంబర్ 1 గడువు కాబట్టి కాలేజీల లిస్టు ఈ వారంలోనే చూసేయ్. ఎస్సే మాత్రం ఈ రాత్రే మొదలుపెట్టు, మాటలు లెక్కపెట్టకుండా, డబ్బా రెండోసారి పాడైన రోజు ఏం జరిగిందో ఒక పేజీ రాయి.