పొగ దాటితేనే రుచి

చిరంజీవి అల్లుడికి,

మెక్సికోలో అగావే అనే ముళ్ళమొక్కతో కాచే మెస్కాల్ మందు సీసా తెచ్చుకుని, ఉప్పు నాకి, నిమ్మబద్ద కొరికి, ఒక్క గుక్కలో మింగేశావట. పైగా ‘టైరు కాలిన వాసన తప్ప ఇంకేం తెలియలేదు మామా’ అని రాశావు. ఎలా తెలుస్తుందిరా? ఉప్పూ నిమ్మా నాసిరకం మందు ఘాటు చంపడానికి పనికొస్తాయి. మంచి సరుకుతో వాటికేం పని?

ముందు లేబుల్ చదువు. టెకీలా కూడా అగావే మందే, కానీ దాని సీసా మీద ‘100% అగావే’ అని లేకపోతే అందులో 49 శాతం దాకా చెరుకులాంటి వేరే చక్కెరలు ఉండొచ్చు. మెస్కాల్‌కి ఆ వెసులుబాటు లేదు. అందుకని నువ్వు చూడాల్సింది మొక్క రకం, ఊరు, కాచినవాడి పేరు, ఆల్కహాల్ శాతం. ఈ నాలుగూ రాసిన సీసాను నమ్మొచ్చు. ‘ఆర్తెసనాల్’ అని ఉంటే పాత పద్ధతిలో కాచినది, ‘అన్సెస్త్రాల్’ అంటే ఇంకా పాతది, సాధారణంగా మట్టికుండల్లో కాచినది. శాతం 45 నుంచి 50 మధ్య ఉంటే మేలు. 38, 40 దగ్గర నీళ్ళు ఎక్కువై రుచి పలచబడుతుందని నా అభిప్రాయం. కొన్ని సీసాల్లో పురుగు వేస్తారు, అది ఉందా లేదా అన్నది పట్టించుకోకు, అది అమ్మకపు ఎత్తు.

ఆ పొగ ఎక్కడిదో తెలిస్తే దాన్ని దాటడం సులువు. మెక్సికోలోని వహాకా రాష్ట్రం పల్లెల్లో గొయ్యి తీసి, కట్టెల మంట మీద రాళ్ళు ఎర్రగా కాల్చి, ఆకులు నరికేసిన అగావే దుంపల్ని వాటిమీద పేర్చి, మట్టి కప్పి మూడు నుంచి ఐదు రోజులు మగ్గబెడతారు. అలా మగ్గితేనే దుంపలోని పిండిలాంటి పదార్థం తీపిగా మారుతుంది. పొగ ఆ పనిలో అంటుకున్న వాసన, అంతే. టెకీలాకి ఎక్కువగా ఆవిరి పొయ్యి వాడతారు గనక ఆ పొగ ఉండదు. మన తేగలు కుంపట్లో కాల్చినప్పుడు పైన మసివాసన, లోపల తీపీ చిరుచేదూ ఉంటాయి చూడు, నువ్వు వెతకాల్సింది ఆ లోపలిదాన్ని. అన్నట్టు, సీమలో చేలగట్ల మీద కంచెగా పెరిగే కిత్తనార కూడా ఈ అగావే వంశమే. చిత్తూరు జిల్లాలో దాంతో స్పిరిట్ తీశారు కూడా, కానీ టెకీలా, మెస్కాల్ అన్న పేర్లు మెక్సికోవే.

ఇక తాగడం. భోజనానికి ముందు కూర్చో, బిర్యానీ తిన్న నోటితో కాదు. గదిలో అగరొత్తులు వద్దు, ఒంటికి సెంటు వద్దు. వెడల్పు మూతి ఉన్న చిన్న గ్లాసులో 20 మిల్లీలీటర్లు పోసి పది నిమిషాలు వదిలెయ్. ఐసు వేశావా, వాసన ముడుచుకుపోతుంది. గ్లాసులో ముక్కు దూర్చి గట్టిగా పీల్చకు. ఆల్కహాల్ మండి ముక్కు మొద్దుబారితే కాసేపు ఏదీ తెలియదు. నోరు కాస్త తెరిచి, గ్లాసును గడ్డం దగ్గర నుంచి మెల్లగా పైకి తీసుకురా. ఇంకో కిటుకు, అరచేతిలో రెండు చుక్కలు వేసి రుద్దు. ఆల్కహాల్ ఎగిరిపోయాక మిగిలిన వాసన చూడు. బెల్లంపాకం, కాల్చిన చిలగడదుంప, తడిమట్టి తగిలితే సరుకు మంచిది. గోళ్ళరంగు తుడిచే మందులా కొడితే కాచేటప్పుడు మొదట వచ్చే తొలిధార సరిగ్గా వేరు చెయ్యలేదని అనుమానించు. తడి గుడ్డ వాసనా పులుపూ వస్తే ఆఖర్న వచ్చే చివరిధార ఎక్కువ కలిసినట్టే.

మొదటి చుక్క నోరు తడపడానికే, దాన్నిబట్టి తీర్పు చెప్పకు. రెండోది నాలుక మీద ఐదారు సెకన్లు తిప్పి, మింగి, ముక్కుతో ఊపిరి వదులు. అసలు రుచి అప్పుడే తెలుస్తుంది. ‘ముద్దులు పెట్టినట్టు తాగాలి’ అంటారు అక్కడివాళ్ళు. మరీ మండితే మూడు చుక్కల నీళ్ళు కలుపు. నారింజ బద్ద, పురుగుపొడి కలిపిన ఉప్పు పెడితే రెండు గుక్కల మధ్య తిను, గుక్కతో కలిపి కాదు.

అగావే రకాలు పోల్చాలంటే ఎస్పదీన్ అనే రకంతో మొదలెట్టు. సాగుచేసేదీ, చవకా, ఏడెనిమిదేళ్ళలో పండేదీ అదే. తర్వాత తొబలా, పూలూ పళ్ళూ గుర్తొస్తాయి. తెపెస్తాతె చివర్న పెట్టుకో. పచ్చిమిరప, పచ్చిగడ్డి వాసనలతో అది ముందున్నవాటిని మింగేస్తుంది. ఆ మొక్క పండడానికి ఇరవయ్యేళ్ళు దాటొచ్చు, అందుకే ఆ ధర. మూడూ కలిపి 60 మిల్లీలీటర్లు దాటొద్దు, కారు తాళం అత్తయ్యకి ఇచ్చెయ్.

సీసా కుదిపితే పైన ముత్యాల్లా బుడగలు నిలుస్తాయి. వాటిని నాణ్యతకు గుర్తుగా చూపించి అమ్మేవాళ్ళున్నారు. 45 నుంచి 55 శాతం మధ్య బుడగ ఎక్కువసేపు నిలుస్తుంది, అంతకు మించి అది చెప్పేదేం లేదు. కాచేవాళ్ళు అక్కడ బోలు గొట్టంతో పీల్చి, సొరబుర్ర గిన్నెలో వదిలి ఈ లెక్కే చూస్తారు.

సీసా నిలువుగానే ఉంచు, పడుకోబెడితే బిరడా పాడవుతుంది. సగం కిందికి దిగాక చిన్న సీసాలోకి మార్చు. ఇవాళ తాగిన గ్లాసు మాత్రం కడగొద్దు, పొద్దున్నే ముక్కు దగ్గర పెట్టి చూడు. ఆల్కహాల్ పోయి, అడుగున కాల్చిన దుంప వాసన ఒక్కటే మిగిలి ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య