బార్ట్‌కి ఇంకా పదేళ్లేనా?

అమెరికన్ కార్టూన్ సిరీస్ 'ది సింప్సన్స్' 1989లో మొదలైతే అందులోని పిల్లాడు బార్ట్ ఇప్పటికీ నాలుగో క్లాసులోనే ఎందుకున్నాడని కదా ప్రశ్న. బొమ్మకి మీసాలు రావు, గొంతిచ్చేది కూడా పెద్దవాళ్లే (బార్ట్ గొంతు నాన్సీ కార్ట్‌రైట్ అనే ఆవిడది), కాబట్టి పిల్లాడు ఎదిగిపోతాడన్న టెన్షనే లేదు. వయసు ఆపేసి చుట్టూ కాలాన్ని నడిపిస్తారు, అంతే.

చిక్కంతా ఫ్లాష్‌బ్యాక్‌లతోనే. 1991 ఎపిసోడ్‌లో బార్ట్ అమ్మానాన్నలు హోమర్, మార్జ్ 1974లో హైస్కూల్లో చదువుతుంటారు, 2008కి వచ్చేసరికి అదే జంట పెళ్లికి ముందు రోజులు 1990లలోకి జరిగిపోయాయి! మారతహళ్లిలో మా పీజీలో దీన్ని మోసం అని వాదించేవాళ్లున్నారు, నాకైతే అలా అనిపించదు. ఎందుకంటే చావుల దగ్గర మాత్రం వాళ్లు మాట మీద నిలబడతారు: 2000లో చనిపోయిన పక్కింటావిడ మాడ్ ఫ్లాండర్స్ మళ్లీ బతికి రాలేదు, బార్ట్ టీచర్ క్రబాపెల్‌కి గొంతిచ్చిన మార్షా వాలెస్ 2013లో పోతే ఆ పాత్రకి ఇంకొకరిని పెట్టకుండా ముగించేశారు.

వేరే కార్టూన్లు చూస్తే, 'సౌత్ పార్క్' పిల్లలు మూడో క్లాసు నుంచి నాలుగుకెళ్లి అక్కడే ఆగారు. 'కింగ్ ఆఫ్ ద హిల్' మాత్రం 2025లో తిరిగొస్తూ అందులోని పిల్లాడు బాబీని ఏకంగా 21 ఏళ్ల చెఫ్‌ని చేసేసింది.